కాళ్ళు కడిగిన బళ్ళు

1. కింద యాభై రెండు డిగ్రీలు, పైన సున్నా

రత్నం చివరి రోజున మేం రెండు బళ్ళలో బయల్దేరాం. ఆమె ముందు, నేను వెనక. ఆమె బండిలో మందుల పెట్టెలు, నా బండిలో బియ్యం బస్తాలు. నర్సీపట్నంలో తెల్లవారుతూనే ఎండ ఎక్కింది. ఆమె చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని తింది. నాకు ఆకలి లేదన్నాను. పైకెళ్ళాక చలికి ఆకలేస్తుంది, అప్పుడు నా వంక చూడొద్దు అంది.

కాళ్ళగెడ్డ దగ్గర ఆగాం. గెడ్డ ఎండిపోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ ఒట్టి రాళ్ళు, వాటా ప్రకారమే నీళ్ళిచ్చే ఒక పంపు. ఘాటు రోడ్డు అక్కడే మొదలవుతుంది కాబట్టి ఎక్కే బళ్ళన్నీ ఆగుతాయి. రత్నం తన వాటా తాగునీళ్ళ డబ్బా తీసి తన బండి చక్రాలన్నిటి మీదా పోసింది. ఆవిరి లేచింది. మిగిలిన కాసిని నీళ్ళు నా బండి ముందు చక్రాల మీద చిలకరించింది. వెనక వాటికి చాల్లేదు.

"నీకు వచ్చేసారి పోస్తాలే" అంది.

ఎక్కాం. ఆమె ఎప్పటిలాగే నెమ్మదిగా నడిపింది. ఏనుగుమలుపు తిరుగుతుండగా ఆమె బండి వెనక ఎడమ చక్రం పైపొర ఊడింది. తోలు ఒలిచినట్టు ఒకే ముక్కగా వచ్చి నా ముందు రోడ్డు మీద పడింది. బండి పక్కకి జారింది, పిట్టగోడని విరగ్గొట్టుకుని కిందికి వెళ్ళింది. నేను బ్రేకు వేశాను. నా బండి ఆగింది.

నేను దిగి ఆమెని చేరేసరికి ఊపిరి ఉంది. "మందులెవరు పట్టికెళ్తారు?" అంది. నేను తీసుకెళ్తానన్నాను. తర్వాత ఏమీ అనలేదు.

వెనక వచ్చిన పైడయ్య, ఇంకో ఇద్దరు ఆమెని పైకి మోసుకొచ్చారు. పైడయ్య బండిలో కిందికి పంపాం. పగలని పెట్టెలు ఏరి నా బండిలోకి ఎక్కించి, పైకి చేర్చి, అప్పుడు ఇంటికి వెళ్ళాను.

ఆల్ సీజన్ టైర్లతో డ్రైవర్ల అనుభవాలు రాసి పెట్టమని మా సంఘం అడిగింది. ఘాటు డ్రైవర్లలో కాలేజీకి వెళ్ళి కెమిస్ట్రీ చదివింది నేనొక్కడినే కాబట్టి పని నాకు పడింది. మొదటి అనుభవం ఇది.

2. కింద యాభై మూడు, పైన సున్నాకి తక్కువ

పొద్దున్నే లంబసింగిలో బండి అద్దం మీద మంచు గీకాను. గొడుగు కింద నిద్ర లేస్తే ఇదే మొదటి పని. వేసవి మొదట్లో ఎండ ఆగడానికి కొండల మీద మబ్బుని కమ్మేలా పరుస్తారు, వానలకి తీసేస్తారు. మేం దాన్ని గొడుగు అంటాం. ఈ ఏడు కింది ఊళ్ళ జనం మొత్తం పైకి ఎక్కాలి. అందుకని మరీ మందంగా పరిచారు. చలి దాని వల్లే. ఏనుగుమలుపు దాటాక గొడుగు అంచు వస్తుంది. అక్కడిదాకా కాలుతున్న రోడ్డు. అక్కడినుంచి మంచు పట్టిన రోడ్డు.

పోయినేడు దాకా ఆ అంచు దగ్గర మార్పు షెడ్డు ఉండేది. ఎండ టైర్లు విప్పి చలి టైర్లు బిగించుకుని పైకి వెళ్ళేవాళ్ళం. దిగేటప్పుడు మళ్ళీ అంతా తిరగెయ్యాలి. ఈ ఏడు అన్ని బళ్ళకీ ఆల్ సీజన్ టైర్లు ఇచ్చారు, షెడ్డు పీకేశారు.

టీ కొట్టు దగ్గర డ్రైవర్లు పొయ్యి చుట్టూ కూర్చున్నారు. కొత్త టైరు మొదట్లో ఎలా ఉండేదని అడిగాను.

"మొదట్లోనా? మా ఆవిణ్ణి కూడా అంతలాగ మెచ్చుకోనేదు బాబూ" అన్నాడు పైడయ్య. సంఘానికి పెద్ద ఆయనే. "చప్పుడు నేదు, కుదుపు నేదు. బండి నడస్తందో నిలబడిపోనాదో తెల్దు. ఓసారి దిగి చూసుకున్నాను."

"దిగి చూస్తే?"

"నిలబడిపోయే ఉన్నాది. ఛార్జి అయిపోనాది."

అందరూ నవ్వారు. అచ్చియ్యమ్మ టీ గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుకుంటూ, "నా నడుం నొప్పి పోనాది, అది రాయి" అంది. ఈ ఘాటులో నాకంటే ముందునుంచీ లారీ నడుపుతోంది ఆవిడ. "జాకీ ఎత్తి ఎత్తి సగం చచ్చాను. షెడ్డు పీకేసిన్నాడు కొబ్బరికాయ కొట్టాను నేను."

"ఇప్పుడో?"

"ఇప్పుడు మలుపు మలుపుకీ దండం ఎట్టుకుంటన్నాను."

నవ్వు ఆగిపోయింది. పైడయ్య నా వంక చూశాడు. "రాసుకో కెమిస్ట్రీ. మంచీ రాయి, చెడ్డా రాయి. రత్నం సంగతి పేరెట్టి రాయి. షెడ్డు మళ్ళీ కట్టమని వచ్చే నెల దారి మండలి ముందర కూకుంటాం. అప్పుడు ఇదంతా ఆళ్ళ మొహాన కొట్టాలి."

మంచి కూడా రాస్తున్నాను. కరిగిన తారు ఈ టైరుకి అంటుకోదు. మంచు మీద జారదు. మామూలు రబ్బరు వేడికి మెత్తబడుతుంది, చలికి గట్టిపడుతుంది. దీని గుణం తిరగబడి ఉంటుంది. ఎండలో బిగుస్తుంది, చలిలో మెత్తబడి రోడ్డుని పట్టుకుంటుంది. ఎండ ముదిరేదాకా ఎవరికీ దీనితో ఇబ్బంది రాలేదు.

3. కింద యాభై నాలుగు, పైన సున్నాకి బాగా తక్కువ

ఇంకో రెండు బళ్ళకి టైర్లు ఊడాయి. ఒక బస్సు కొండవైపుకి జారి రాతికి కొట్టుకుంది కాబట్టి జనం బతికారు. రెండోది ఉల్లిపాయల లారీ, ఎక్కుతూ నడిరోడ్డు మీద అడ్డం తిరిగింది. అన్నీ కాళ్ళగెడ్డకీ గొడుగు అంచుకీ మధ్యనే. అన్నీ ఎక్కేటప్పుడే. దిగే బండికి ఇంతవరకు ఊడలేదు. ఎందుకో నాకు తెలియడం లేదు.

కింద జనం కొండకి కోపం వచ్చిందంటున్నారు.

ఎవరింటికైనా వెళ్తే గుమ్మం దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్తాం. కొండ కూడా ఒక ఇల్లే అని ఘాటు డ్రైవర్ల నమ్మకం. ఆ ఇంటి గుమ్మం కాళ్ళగెడ్డ. అందుకే చక్రాల మీద నీళ్ళు పోస్తాం. దాన్ని బండికి కాళ్ళు కడగడం అంటాం. ఎండ టైర్ల రోజుల్లో దానివల్ల లాభం కూడా ఉండేది. కాలిపోతున్న రబ్బరు చల్లబడి, మలుపుల్లో పేలకుండా ఉండేది. నీళ్ళకి వాటాలు వచ్చాక కూడా ఎవరూ మానలేదు. తాగే వాటాలోంచి తీసి పోసేవాళ్ళు. కొందరు నాలుగు చుక్కలు చల్లి సరిపెట్టేవాళ్ళు. నేను ఆ కొందరిలో ఒకణ్ణి. రత్నం నిండా పోసేది.

ఇప్పుడు ఆ పని వరాలు తీసుకుంది. వరాలు రత్నానికి చెల్లెలు, జనాన్ని ఎక్కించే బస్సు నడుపుతుంది. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య కాళ్ళగెడ్డ దగ్గరే ఉంటోంది. ఒక తొట్టి పెట్టి, దానికి గొట్టం బిగించింది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు తమ వాటాల్లోంచి తలో బిందె తెచ్చి పోస్తున్నారు. రత్నం పేరు చెప్పి పోస్తున్నారు.

ఈ రోజు అచ్చియ్యమ్మ లారీ నా ముందు ఆగింది. వరాలు నాలుగు వైపులా తిరిగి చక్రాలన్నీ కడిగింది. టైర్లు సుయ్యిమన్నాయి. ఆవిరిలో ఆమె కనిపించలేదు.

"చాల్లేయే అమ్మీ, నా బండికి స్నానం చేయిస్తన్నావేటి, పెళ్ళికూతురా?" అంది అచ్చియ్యమ్మ కిటికీలోంచి.

"కూకో పిన్నీ. నిన్ను పైకి పంపిందాకా నాకు నిద్ర పట్టదు."

"మీ అక్క ఇలాగే సతాయించేది" అని అచ్చియ్యమ్మ బండి తీసింది.

నా వంతు వచ్చేసరికి తొట్టి ఖాళీ అయింది. ఇంకో బిందె వచ్చేదాకా ఆగమంది వరాలు. బియ్యం కోసం పైన ఎదురుచూస్తున్నారని చెప్పి బయల్దేరాను. ఏనుగుమలుపు కంటే ముందు మలుపులోనే అచ్చియ్యమ్మ లారీ పిట్టగోడ మీద వేలాడుతూ కనిపించింది. నేను దిగి పరిగెత్తేలోగా గోడ విరిగింది.

ఆవిడ కొడుక్కి నేనే చెప్పాను.

4. కింద యాభై నాలుగు

రెండు రోజులు ఎవరూ ఎక్కలేదు. మూడో రోజు ఎక్కాల్సి వచ్చింది. పైన బియ్యం లేదు, కింద జనం ఎండలో ఉండలేకపోతున్నారు.

వరాలు నా బండి దగ్గరికి గొట్టం లాక్కొచ్చింది. అచ్చియ్యమ్మ పోయినప్పటినుంచి ఆమె కళ్ళు ఉబ్బే ఉన్నాయి.

"మొన్న ఆగమంటే ఆగలేదు. ఈ రోజు నీ బండి కడక్కుండా వదల్ను బావా. అక్క నీ వెనక చక్రాలకి పొయ్యలేదని నువ్వే చెప్పావు."

వద్దనలేదు. ఆమె చక్రాలన్నీ తడిపింది, టైరు గాళ్ళలోకి కూడా నీళ్ళు పోనిచ్చింది.

మూడో మలుపులో నా వెనక కుడి చక్రం ఊడింది. అచ్చియ్యమ్మ సంగతి చూశాక నడకకంటే కాస్త వేగంగా మాత్రమే వెళ్తున్నాను. బండి కొండవైపుకి ఒరిగి ఆగింది. ఈ ఏడంతా నా బండికి టైరు ఊడలేదు. నా చక్రాలకి నిండా నీళ్ళు పడిందీ ఇదే మొదటిసారి. ఆ సంగతి వెంటనే తట్టలేదు. దిగి, ఊడిపడ్డ పొర పక్కన కూర్చున్నాక తట్టింది.

పైపొర మెత్తగా ఉంది. వేలితో నొక్కితే లోపలికి దిగుతోంది, మంచులో నడిచిన టైరులాగా. చక్రానికి మిగిలిన లోపలి పొర గోరు దిగనంత గట్టిగా ఉంది, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. అంటే ఒకే టైరులో పైపొర చలికాలంలో ఉంది, కింది పొర ఎండాకాలంలో ఉంది. మెత్తటి దానికీ గట్టి దానికీ మధ్య అతుకు మలుపులో బరువు పడేసరికి కోసుకుపోయింది.

గొడుగు అంచు ఇంకా పైనే ఉంది. గాలి కొద్దికొద్దిగా చల్లబడితే రెండు పొరలూ కలిసే మారతాయి. ఒక్క పైపొరకే అంత తొందరగా చలి చూపించగలిగింది ఈ దారిలో ఒక్కటే. దిగే బళ్ళకి ఎందుకు ఊడదో కూడా అర్థమైంది. కొండ దిగేటప్పుడు ఎవరూ కాళ్ళు కడగరు.

చాలాసేపు అక్కడే కూర్చున్నాను. రోడ్డు కాలుతోంది.

5. కింద యాభై అయిదు

ఊహ సరిపోదు. టైరు కంపెనీ ఇంజినీరు ఫిరోజ్ ఊడిన టైర్లు చూడ్డానికి నర్సీపట్నం వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయి. సంఘం వాళ్ళు అతనితో మాట్లాడటం మానేశారు. నేను వెళ్ళి నా బండిలో కూర్చోమన్నాను.

"ఎక్కడికి సార్?"

"ఘాటులోకి. భయమైతే మానెయ్యండి."

"భయంగానే ఉంది" అని ఎక్కాడు.

కాళ్ళగెడ్డకి ఇవతల, ఎవరూ లేని చోట ఆపి, కుడివైపు చక్రాలకి మాత్రం నీళ్ళు పోశాను. బస్తాల్లో ఇసుక నింపి బరువు పెట్టాను. కొండని ఆనుకుని, ఆగిపోయేంత నెమ్మదిగా ఎక్కాం. మూడో మలుపులో కుడి వెనక టైరు పైపొర ఊడింది. ఎడమవి అలాగే ఉన్నాయి. టైర్లు మార్చి, కిందికి దిగి, ఈసారి ఎడమవైపు పోశాను. ఎడమది ఊడింది. మూడోసారి దేనికీ పొయ్యకుండా ఎక్కాం. గొడుగు అంచు దాటి మంచులోకి వెళ్ళాం. ఏమీ కాలేదు.

ఫిరోజ్ దిగి టైర్ల మీద చెయ్యి పెట్టి చూశాడు. పైన చలికి అతని పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"మేం వానలో కూడా పరీక్ష చేశాం సార్. తడి రోడ్డు మీద ఎన్నోసార్లు నడిపాం."

"వాన వచ్చేసరికి రోడ్డు చల్లబడి ఉంటుంది. కాలుతున్న టైరు మీద డబ్బాతో నీళ్ళు పోశారా?"

"లేదు." టైరు మీంచి చెయ్యి తీశాడు. "ఎవరు పోస్తారు సార్? తాగడానికే లేవు కదా."

నేను ఖాళీ డబ్బా తీసి బండిలో పడేశాను.

"ఇది తెలిస్తే మావాళ్ళు ఏమంటారో మీకు తెలుసు. టైరుది తప్పు కాదు, డ్రైవర్లదే అంటారు. మీ షెడ్డు సంగతి అక్కడితో ముగిసిపోతుంది."

"మీరు ఏమంటారు?"

"నీళ్ళు పొయ్యొద్దని మేం ఎక్కడా చెప్పలేదు. అది మా తప్పు. ఆ మాట నేను అంటాను. ఉద్యోగం ఉంటే లోపలనుంచి అంటాను, లేకపోతే బయటనుంచి." చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. "కానీ ముందు మీవాళ్ళకి మీరు చెప్పండి సార్. నేను వెళ్ళి మీ నీళ్ళ వల్లే అంటే నన్ను ఆ గెడ్డలోనే పాతేస్తారు."

"గెడ్డలో రాళ్ళే ఉన్నాయి" అన్నాను. అతను నవ్వలేదు. నేను నవ్విద్దామని అన్లేదు కూడా.

తను తాగాల్సిన నీళ్ళు రత్నం టైర్లకి పోసింది. ఆ రోజు దాహంతోనే ఎక్కి ఉంటుంది. ఆ నీళ్ళు తాగి ఉంటే బతికేది. నా వెనక చక్రాలకి నీళ్ళు చాల్లేదు కాబట్టి నేను ఉన్నాను.

ఈ చివరి రెండు వాక్యాలూ రాయడానికి చాలాసేపు పట్టింది.

6. కింద యాభై అయిదు, గాలి లేదు

పైడయ్యకి చెప్పాను. సంఘం గదిలో ఇద్దరమే ఉన్నాం. మొత్తం విన్నాడు. నేను చూసింది నిజమేనా అని ఒక్కసారి కూడా అడగలేదు. తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు.

"ఇంకెవుడికి తెల్సు?"

"ఫిరోజ్‌కి."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాది. పోయి పోయి ఆడికి చెప్పావా?"

"టైరు గురించి టైరు వాణ్ణి కాక ఎవర్ని అడుగుతాను?"

పైడయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "ఇను. వచ్చే నెల మండలి కూకుంటాది. షెడ్డు వచ్చీసిందంటే ఈ టైర్లూ ఉండవు, ఈ గొడవా ఉండదు. కడుక్కున్నా ఏటీ అవదు. అందాకా నోరు మూసుకో."

"అందాకా కడుగుతూనే ఉంటారు."

"నెమ్మదిగా ఎక్కమని నేను చెప్తాను."

"రత్నం నెమ్మదిగానే ఎక్కింది."

ఆయన తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. వేరే దారిలో వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఊరూరా ఆడోళ్ళు దాహం చంపుకుని ఆ పిల్ల పేరు మీద బిందెలు మోస్తన్నారు. నువ్వెళ్ళి, ఆ నీళ్ళే దాన్ని చంపాయని చెప్తావా? నీ నోటితో? చెప్పి ఇంటికెళ్తే అన్నం దిగుద్దేటి నీకు?"

"ఇప్పుడూ దిగడం లేదు."

"ఎళ్ళు" అన్నాడు. "నేనైతే ఇన్నేదు."

ఆయన చెడ్డవాడు కాడు. షెడ్డు కోసం ఈ ఏడంతా తిరిగాడు. ఏనుగుమలుపు కిందినుంచి రత్నాన్ని మోసుకొచ్చినవాళ్ళలో ముందు పట్టినవాడు ఆయనే.

7. కింద యాభై అయిదు. రేపు ఆఖరి ఎక్కుడు

కింద మిగిలిన జనాన్ని రేపు ఎక్కిస్తారు. తర్వాత కింద ఎవరూ ఉండరు, వానలు వచ్చేదాకా ఉండకూడదు. పన్నెండు బళ్ళు. జనం ఎక్కే బస్సు వరాలు నడుపుతుంది. ముసలివాళ్ళూ పిల్లల తల్లులూ అందులోనే. మా అత్తయ్య ముందు సీట్లో కూర్చుంటుంది. కూతురు నడిపే బండిలో ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది.

మధ్యాహ్నం వరాలు దగ్గరికి వెళ్ళాను. రేపటికని బస్సు పక్కన తొట్టిలో నీళ్ళు నింపుతోంది. ఊళ్ళు ఖాళీ చేస్తున్నారు కాబట్టి జనం మిగిలిన నీళ్ళ వాటాలన్నీ ఆమెకే ఇచ్చేశారు.

"ఏటి బావా, మొహం అలగుంది? తిన్నావా?"

తిన్నానని చెప్పి, మొదటినుంచీ చెప్పాను. నా టైరు, కుడివైపు, ఎడమవైపు, పొయ్యకుండా ఎక్కడం. ఆమె గొట్టం పట్టుకుని వింది. తొట్టి నిండింది. నీళ్ళు అంచు మీంచి కిందికి కారి ఇసుకలోకి ఇంకిపోతున్నాయి. ఆమె కట్టలేదు. నేనూ కట్టలేదు.

"అంటే అక్క తన చేత్తోనే."

"కాదు. ఆమె చేసింది తప్పు కాదు. ఎండ టైర్లకి అదే సరైన పని. టైరు మారిందన్నారు గానీ దీనికి నీళ్ళు పడవని మనకి ఎవరూ చెప్పలేదు."

"పిన్ని బండి కడిగింది నేను."

నేను తొట్టి వంక చూశాను.

"నేనే కదా బావా? నాలుగు పక్కలా తిరిగి కడిగాను. ఆవిడ చాలంది. నేను వినలేదు."

"అవును" అన్నాను. అబద్ధం చెప్పినా ఆమె నమ్మేది కాదు.

గొట్టం కింద పడేసి బస్సు మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. పంపు అలా నడుస్తూనే ఉంటే నేను వెళ్ళి ఆపాను.

"పైడయ్య మాఁవకి చెప్పావా?"

"చెప్పాను. ఊరుకోమన్నాడు."

"ఊరుకుందామనే వచ్చావా నా దగ్గరికి? నాకొక్కదానికే చెప్పేసి?"

"నువ్వు కడక్కుండా ఎక్కితే చాలనుకున్నాను. మిగతా వాళ్ళు నిన్ను చూసి మానేస్తారు."

నా వంక చూసింది. అలా చూసినప్పుడు ఆమె అచ్చంగా వాళ్ళక్కలా ఉంటుంది.

"నీ చదువు ఏటికి పనికొచ్చింది బావా? నలభైమంది ఉంటారు రేపు బస్సులో. ఈ టైర్లు ఊడి ముగ్గురు చావడం కళ్ళారా చూసినోళ్ళు ఉన్నారు అందులో."

"ఇద్దరు" అన్నాను.

"ఇద్దరో ముగ్గురో! కాళ్ళు కడక్కుండా నేను బండి తీస్తే వాళ్ళు కూకుంటారా? దిగిపోతారు. అందరికంటే ముందు మా అమ్మ దిగిపోద్ది. ఈ ఎండలో కాళ్ళగెడ్డ రాళ్ళ మీద కూకుంటే సాయంత్రానికి సగంమంది ఉండరు. అందుకని, నువ్వు చెప్పకపోతే కడుగుతాను. కడిగితే మలుపు దాకా అయినా వస్తారు."

"వరాలూ."

"నేను చెప్తే ఎవరింటారు? పిన్నిని చంపుకున్నాది, ఇప్పుడు నీళ్ళ మీదకి తోసేస్తన్నాది అంటారు. మాఁవ చెప్పడు. కంపెనీ ఆయన చెప్తే కొడతారు." లేచి నిలబడి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. "రత్నం మొగుడు చెప్తే వింటారు. ఇంకెవరు చెప్పినా వినరు."

"మీ అమ్మ ముందరా?"

"అమ్మ ముందరే. పెద్దకూతురు ఎలాగ పోనాదో అమ్మకి తెలియాలి. చిన్నకూతురు బతికుండాలంటే తెలియాలి."

"కొడతారేమో నన్ను కూడా."

"కొట్టనీ" అంది. "నేనూ ఓటి వేస్తాను."

నవ్వబోయింది. కానీ మొహం దానికి సహకరించలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

చెప్తే షెడ్డు రాదు. పైడయ్య నాతో మళ్ళీ మాట్లాడడు. కంపెనీ వాళ్ళు నా మాటలనే తీసుకుని మా మీద పెడతారు. ఫిరోజ్ ఒక్కడు కాదన్నా వాళ్ళకి లెక్క ఉండదు. రత్నం పేరు చెప్పి బిందెలు మోసిన ఆడవాళ్ళు ఇకమీదట ఆ పేరు ఎలా పలుకుతారో నాకు తెలియదు. ఇవన్నీ జరుగుతాయి. చెప్పకపోయినా ఘాటులో మలుపులు అలాగే ఉంటాయి.

ఏ మాటతో మొదలుపెట్టాలో ఆలోచించాను. కెమిస్ట్రీతో మొదలుపెడితే వినరు. ఆ రోజు పొద్దున్న ఆమె ఏం తిందో అక్కడినుంచి మొదలుపెడతాను. డబ్బా తీసిన సంగతి వచ్చేసరికి వాళ్ళకే సగం అర్థమవుతుంది. మిగతా సగం నేను చెప్పాలి.

రేపు పొద్దున్న అందరికంటే ముందు కాళ్ళగెడ్డకి వెళ్ళి పంపు దగ్గర నిలబడతాను. పన్నెండు బళ్ళూ వచ్చేదాకా ఎవరినీ నీళ్ళు ముట్టుకోనివ్వను. అత్తయ్యనీ అచ్చియ్యమ్మ కొడుకునీ ముందుకి పిలుస్తాను. రత్నం ఎలా పోయిందో చెబుతాను. చెప్పాక, కడగని చక్రాలతో నా బండిని వరాలు బస్సుకి ముందు ఎక్కిస్తాను.